మా మేడమ్ గెలిపించిన మ్యాచులు ఎవరు లెక్కపెట్టారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక మూల రెండు వాక్యాల వార్త వచ్చింది. తిరుపతిలో ఒక మహిళా కళాశాలలో ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్ రిటైరయ్యారని, సహోద్యోగులు శాలువా కప్పి సన్మానించారని. పక్కన నిలబడ్డ వాళ్లందరి పేర్లూ వేశారు. 34 ఏళ్లు ఆమె ఏం చేశారో మాత్రం లేదు. 1998 నుంచి 2001 దాకా ఆమె దగ్గర బాస్కెట్‌బాల్ ఆడినదాన్ని. ఆ లేనిది నేను రాస్తున్నాను.

మాది చిత్తూరు. నాన్న బెల్లం మండీలో గుమాస్తా. డిగ్రీకి తిరుపతి వెళ్లినప్పుడు, పొడుగ్గా ఉన్నానని మేడమ్ నన్ను ఫీజు కట్టే వరుసలోంచే పిలిచి పేరు రాసుకున్నారు. దసరా సెలవులకు ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే నాన్న ఒకటే మాట అన్నారు: "ఆడపిల్ల నిక్కరేసుకోని నలుగురి ముందర ఎగిరేదేందిమే? చదువుకుంటే చదువుకో, లేదంటే ఇంటికొచ్చేయ్." నేను తిరిగెళ్లి ఏడ్చాను. ఆ ఆదివారమే మేడమ్ బస్సెక్కి మా ఇంటికొచ్చారు. అరుగు మీద కూర్చుని అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగారు. ఆట గొప్పదనం గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. "అన్నా, పొద్దున ఐదున్నరకు హాస్టల్ గేటు దగ్గర నేనే నిలబడతా. ఏడున్నరకు నేనే మళ్లీ తెచ్చి వదుల్తా. ఒక్క క్లాసు పోయినా ఆ రోజుతో ఆట మాన్పించేస్తా. ప్యాంటు వేసుకునే ఆడుతుంది" అన్నారు. నాన్న తలూపారు. ఆ తర్వాత మూడేళ్లలో ఆ గేటు దగ్గర మేడమ్ లేని పొద్దు నేను చూడలేదు.

మా కోర్టు సిమెంటుది, రెండుచోట్ల పగిలింది. ఇప్పుడు అమ్మాయిలు ఆడే, కాస్త చిన్నదైన ఆరో నంబరు బంతి అంతర్జాతీయ పోటీల్లోకి 2004లో గానీ రాలేదు. మేం మగపిల్లల ఏడో నంబరు బంతితోనే ఆడాం. నా చేతిలో అది గుమ్మడికాయలా ఉండేది. ఎడమచేత్తో డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకు కొడుతూ పరిగెత్తడం, కుదరడం లేదని ఒకరోజు మేడమ్ నా కుడిచేతిని నా చున్నీతోనే నడుముకు కట్టేశారు. ఈ రింగు కింది నుంచి ఆ రింగు కిందికి, మళ్లీ ఇటు. పదిహేను రోజులు అంతే. పదహారో రోజు చున్నీ విప్పి ఎడమవైపు నుంచి లేఅప్, అంటే పరిగెత్తుకొచ్చి రింగు దగ్గర ఎగిరి వేసే షాట్, వేయమన్నారు. బంతి బోర్డుకు తగిలి రింగులో పడింది. నేను మేడమ్ ముఖం వైపు చూశాను. "ఇంకో యాభై" అన్నారు.

ఫ్రీ త్రోలు, అంటే అవతలివాళ్లు ఫౌల్ చేస్తే గీత దగ్గర నిలబడి ఎవరూ అడ్డం రాకుండా వేసే షాట్లు, ప్రాక్టీసు చివర్లోనే వేయించేవారు, కాళ్లు పీకుతున్నప్పుడు. మ్యాచిలో ఫ్రీ త్రో వచ్చేది ఒళ్లు అలిసినప్పుడేగా అనేవారు. బంతి వదిలాక మణికట్టు బావిలోకి చేద వదిలినట్టు వంగాలి. ఒక్కొక్కరికి యాభై. రింగు కింద నిలబడి ఎన్ని పడ్డాయో లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేవారు.

2000లో ఆట నియమాలు మారాయి. ఇరవై నిమిషాల రెండు భాగాలు పోయి పది నిమిషాల నాలుగు క్వార్టర్లు వచ్చాయి. షాట్ వేయడానికి 30 సెకన్లున్నది 24 అయింది, సగం కోర్టు దాటడానికి పది సెకన్లున్నది ఎనిమిదైంది. మా కాలేజీలో ఆ సెకన్లు చూపించే షాట్ క్లాకు ఎక్కడిది? బెంచీ మీది పిల్లలందర్నీ నిలబెట్టి ఒకటి నుంచి ఇరవైనాలుగు దాకా గట్టిగా లెక్కపెట్టించారు మేడమ్. పద్దెనిమిది, పందొమ్మిది అనేసరికి వాళ్ల గొంతులు పెరిగేవి, మాకు గుండె దడదడలాడేది. ఆ ఏడాది ఇంటర్ కాలేజియేట్ ఫైనల్ మేమే గెలిచాం. అవతలి జట్టు ఇంకా పాత వేగంలోనే ఉండిపోయింది. టోర్నమెంటుకు వెళ్లొచ్చిన రైల్లో మాకు సీట్లు సర్ది, రేణిగుంట వచ్చేదాకా తలుపు దగ్గర పేపరు పరుచుకుని మేలుకుని కూర్చున్నది కూడా ఆమే. అప్పటికామెది కన్సాలిడేటెడ్ జీతం, పర్మనెంటు కాని ఉద్యోగానికి నెలకింతని ఇచ్చేది.

అమెరికాలో ప్యాట్ సమ్మిట్ అనే బాస్కెట్‌బాల్ కోచ్ ఉండేవారు. 1974లో, 22 ఏళ్లకే టెన్నెసీ విశ్వవిద్యాలయం అమ్మాయిల జట్టు బాధ్యత తీసుకున్నారు. మొదట్లో నెలకు 250 డాలర్లు. పిల్లల యూనిఫారాలు తనే ఉతికారు, వ్యాను తనే నడిపారు. ఆమె దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టా అందుకుంది. 38 సీజన్లు, 8 జాతీయ టైటిళ్లు, 1,098 గెలుపులు. కోచ్‌గా ఉండగానే ఆ విశ్వవిద్యాలయం కోర్టుకు ఆమె పేరు పెట్టారు. ఆ 1,098 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నారంటే మొదటి మ్యాచి నుంచి ఎవరో ఒకరు కూర్చుని రాసిపెట్టబట్టే కదా! మా మేడమ్‌వి ఎన్ని? కాలేజీలో అడిగితే ఎవరికీ తెలియదు.

తెలిసేది ఆ లాంగ్ నోట్‌బుక్కులకే. గది ఖాళీ చేస్తూ వాటిని పాత కాగితాల కుప్పలో వేశారని ఒక జూనియర్ ఫోన్ చేస్తే, నా జిరాక్స్ షాపు మూసేసి వెళ్లి తెచ్చుకున్నాను. మొత్తం పందొమ్మిది. ప్రతి మ్యాచి స్కోరూ ఉంది, ఓడినవీ ఉన్నాయి. 1999 పుస్తకంలో నా పేరు కింద ఇలా ఉంది: "ఫ్రీ త్రో 50కి 31. కళ్లు పాలిపోయినాయి, ఐరన్ మాత్రలు. మెస్ బకాయి రెండు నెలలు, కట్టినాను." ఆ బకాయి నాన్న పంపిన మనియార్డరుతో తీరిందనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. నాన్న పోయి ఆరేళ్లయింది. మేడమ్ ఎప్పుడూ చెప్పలేదు. ఆ పేజీ పట్టుకుని షాపులో కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు ఆ పోస్టు ఖాళీ. ఒక లెక్చరర్‌కు ఇన్‌చార్జి ఇచ్చారట, ఆవిడ క్లాసులే ఆవిడకు చాలవు. నేను వెళ్లిన రోజు కోర్టులో కార్లు ఆగి ఉన్నాయి. కొత్త అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఆ పోస్టులో ఆట తెలిసిన మనిషిని, పూర్తి జీతం మీద వేయాలని అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. మన రెండు జిల్లాల్లో ఇలా ఇన్‌చార్జీల మీద నడుస్తున్న కాలేజీలు ఇంకెన్ని ఉన్నాయో మీ విలేకరులు కనుక్కుని రాయాలి. ఇకమీదట కాలేజీ జట్టు గెలిచిన వార్త వేసేటప్పుడు కోచ్ పేరు కూడా వేయండి. ఒక్క లైను చాలు.

రాత్రిళ్లు జిరాక్స్ షాపు మూశాక ఆ పుస్తకాలు ముందేసుకుని గెలుపులు లెక్కపెడుతున్నాను. ఇంకా 2006 దగ్గరే ఉన్నాను. పూర్తయ్యాక ఆ అంకె మీకు పంపిస్తాను, దయచేసి ప్రచురించండి.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని,
కట్టమంచి, చిత్తూరు.