చైనీస్‌ను తెలుగు లిపి ద్వారా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రీసిటీ పరిశ్రమల్లో ఉద్యోగం ఆశించి చైనీస్ నేర్చుకోవాలనుకునే మన తిరుపతి యువతకు ఇంగ్లీషు పుస్తకాలు చాలవని నా అభిప్రాయం. ఉదాహరణకు, హాస్య నాటకాన్ని, ఆ తరహా సినిమాను చైనీస్‌లో ‘శీచ్యూ’ అంటారు; ‘శీ’ అంటే సంతోషం, ‘చ్యూ’ అంటే నాటకం. రోమన్ లిపిలో ‘జె’తో రాసే ఆ రెండో అక్షరాన్ని చాలామంది ‘జ్యూ’ అని చదువుతారు గానీ, దాని అసలు ధ్వని మన ‘చ’కు ఎంతో దగ్గర. మొదటి అక్షరాన్ని గొంతు తగ్గించి, రెండోదాన్ని పైస్థాయి నుంచి ఒక్కసారిగా దించి పలకాలి.

వాడుక విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మనం ‘కామెడీ చేయకు’ అని స్నేహితుణ్ణి మందలించే చోట చైనావారు ‘శీచ్యూ’ వాడరు, ‘ప్యే ఖాయ్ వాన్‌శ్యావ్’ అంటారు. ‘ప’, ‘ఖ’ల్లోని ఒత్తు తేడా అక్కడ అర్థాన్నే మారుస్తుంది, ఆ తేడాను మన లిపి చక్కగా చూపగలదు. విషాదాంత నాటకానికి ‘పేయ్‌చ్యూ’ అని పేరు.

ఇక్కడి విశ్వవిద్యాలయాల భాషా శాఖలు ఇటువంటి వాచకాన్ని తెలుగులో తయారుచేయాలని, మీ పత్రిక వారానికొక చిన్న పాఠం ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు, తిరుపతి