తోట తలుపు ఒక ఆదివారం తెరుద్దాం

సంపాదకులు గారికి నమస్కారం.

మాది కావలి. ముప్ఫై నాలుగేళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా మిద్దె మీద నూట ఇరవై కుండీలున్నాయి. పోయిన జూన్‌లో ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఏం చూస్తావమ్మా అంటే, తోటలు చాలన్నాను. మూడు వారాలూ అవే తిరిగాం.

లండన్ క్యూ గార్డెన్స్‌లో 1848 నాటి పెద్ద అద్దాల ఇల్లు ఉంది. 1775లో దక్షిణాఫ్రికా నుంచి ఓడలో తెచ్చిన, ఈతచెట్టులా కనిపించే సైకాడ్ మొక్క అందులో ఇంకా కుండీలోనే బతుకుతోంది. మాను ఒరిగిపోతే ఊతాలు పెట్టి నిలబెట్టారు. కాలు విరిగిన పేషెంటును చూసుకున్నట్టే చూసుకుంటున్నారు. కుండీల్లో మొక్కలు పెంచేదాన్ని కదా, అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు.

కెంట్‌లో సిసింగ్‌హర్స్ట్ చూశాం. వీటా సాక్‌విల్-వెస్ట్, హెరాల్డ్ నికల్సన్ దంపతులు 1930లో పాడుబడ్డ కోటను కొని, చెత్తంతా ఎత్తిపోయించి వేసిన తోట అది. అందులో ఒక భాగంలో అన్నీ తెల్లపూలే. మునిమాపు వేళ కూడా కనబడాలని అలా వేశారట. నాకు మా అమ్మమ్మ వాళ్ల దొడ్డి గుర్తొచ్చింది. నందివర్ధనం, సన్నజాజి, పారిజాతం. నైట్ డ్యూటీకి బయల్దేరేటప్పుడు సందు మలుపు దాకా ఆ జాజుల వాసన వెంట వచ్చేది. తెల్లపూల తోటలు మనకూ ఉండేవి, వాటికి పేరు పెట్టుకోలేదంతే.

అయితే ఈ ఉత్తరం రాసేది ఆ పెద్ద తోటల కోసం కాదు. ఒక ఆదివారం ఒక పల్లెలో, గేటుకు పసుపుపచ్చ పోస్టరు కట్టిన మామూలు ఇంటికి వెళ్లాం. ఎనభై దాటిన పెద్దావిడ మనిషికి ఐదు పౌండ్లు తీసుకుని లోపలికి పంపింది. వెదురు కర్రలకు నారతో కట్టిన స్వీట్ పీ తీగలు చూపించి, పూలు రోజూ కోస్తుంటేనే మళ్లీ పూస్తాయని చెప్పింది. కోసిన గుప్పెడు పూలు నా చేతిలో పెట్టింది. ఆవిడ గోళ్లలో మట్టి, నా గోళ్లలో ఉన్నట్టే. తానే చేసిన కేకు, టీ అమ్ముతోంది. ఈ డబ్బులు ఎవరికండీ అని అడిగితే, "నర్సులకు" అంది.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. తర్వాత మా అమ్మాయి వివరంగా చెప్పింది. ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సుల కోసం ఎల్సీ వాగ్ అనే ఆవిడ ఈ ఆలోచన చెప్పిందట. 1927లో 609 తోటలు తెరిచారు. మనిషికి ఒక షిల్లింగు (పౌండులో ఇరవయ్యో వంతు) చొప్పున ఎనిమిది వేల పౌండ్లకు పైగా వచ్చాయి. ఇప్పుడు ఏటా మూడు వేలకు పైగా తోటలు తెరుస్తున్నారు. క్యాన్సర్ రోగులను చూసే నర్సులకూ ఆ డబ్బు వెళుతోంది.

మన నెల్లూరు జిల్లాలో మిద్దె తోటలు తక్కువా? రోహిణి కార్తెలో గ్రీన్ నెట్ కట్టి, రెండు పూటలా నీళ్లు మోసి బతికించుకునేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. మంచం పట్టినవాళ్లు కూడా ప్రతి వీధిలో ఉన్నారు. బెడ్ సోర్లు పడి, కట్టు మార్చే దిక్కులేక బాధపడేవాళ్లను రిటైరయ్యాక కూడా చూస్తూనే ఉన్నాను. ఒక ఎయిర్ బెడ్ కొని ఇంటింటికీ మార్చి ఇచ్చినా, ఒక నర్సుకు ఆటో ఛార్జీ ఇచ్చి పంపినా వాళ్లకు ఎంత సుఖమో పక్కన కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

వానలు తగ్గి, చామంతులు, బంతులు విరగబూసేది సంక్రాంతికే. పండగ దాటిన మొదటి ఆదివారం ఉదయం ఏడు నుంచి పది దాకా మా మిద్దె తెరుస్తాను. టికెట్టు 20 రూపాయలు. టీ, సున్నుండలు విడిగా. లెక్క రాసి గేటుకు అంటిస్తాను. నెల్లూరు, ఆత్మకూరుల్లో ఇంకో పదిమంది కలిస్తే, ఎవరి తోట ఏ రోజో మీ జిల్లా పేజీలో చిన్న బాక్సు కట్టి వేయమని కోరుతున్నాను.

మా మెట్లు ఇరుకు, పదిమందికి మించి ఒకేసారి పైకి రాలేరు. సన్నజాజి కొమ్మలు కావాల్సినవాళ్లు ఖాళీ పెరుగు డబ్బా తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
కావలి, నెల్లూరు జిల్లా.