నిమ్మ సంచిలో ఒకే మొక్క ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

వానలు పడ్డాయంటే గూడూరు, పొదలకూరు, వెంకటగిరి వైపు నిమ్మ మొక్కల బేరాలు మొదలైనట్టే. ఆటోల్లో, ట్రాక్టర్లలో నల్ల సంచులు ఊళ్లలోకి దిగుతాయి. వాటిలో కొన్ని సంచుల్లో రెండు మూడు కాండాలు కలిసి కనిపిస్తాయి. "గుబురుగా ఉందన్నా, బాగా కాస్తుంది, తీసుకెళ్లు" అంటాడు అమ్మేవాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అది గుబురు కాదు, ఒకే గింజలోంచి లేచిన వేర్వేరు మొక్కలు. వాటిని నారుమడిలోనే విడదీసి, తేడా మొక్కల్ని ఏరేసి, సంచికి ఒకటి చొప్పున అమ్మాల్సింది నర్సరీలు. అలా జరుగుతోందా లేదా అని చూడాల్సింది ఉద్యాన శాఖ.

బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదని అందరికీ తెలుసు. నిమ్మ అలా కాదు. దాని గింజలో పరాగం కలిసి ఏర్పడిన పిండం ఒకటి ఉంటే, దాని పక్కనే కేవలం తల్లిచెట్టు కణాల నుంచి పుట్టిన పిండాలు ఒకటో రెండో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువో ఉంటాయి. ఇవి మొలిస్తే అచ్చం తల్లిచెట్టే. అంటు కట్టకుండా గింజ మొక్కలతోనే నిమ్మతోటలు వేయగలుగుతున్నది ఈ గుణం వల్లే. గజ్జి తెగులును తట్టుకుంటుందని తిరుపతి పరిశోధన కేంద్రం ఇచ్చిన బాలాజీ రకాన్ని గింజ నుంచి పెంచినా ఆ గుణం నిలిచేది ఈ తల్లిపోలిక మొక్కల్లోనే.

చిక్కల్లా పరాగంతో పుట్టిన ఆ ఒక్క మొక్కతోనే. అది ఏ పోలికతో వస్తుందో చెప్పలేం. చాలాసార్లు బక్కగా ఉండి, పక్కవాటి పోటీకి ఆగలేక చస్తుంది. అన్నిసార్లూ చావదు, ఒక్కోసారి అదే ముందు ఏపుగా లేస్తుంది. గింజ మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది కాబట్టి రైతుకు తేడా తెలిసేది అప్పుడే. అన్నాళ్లూ ఆ గుంతకు పెట్టిన నీళ్లు, ఎరువు, కూలీ ఎవరు తిరిగిస్తారు? పోనీ రెండూ మంచి మొక్కలే అనుకున్నా, ఒకే పాదులో రెండు బోదెలు ఒరుసుకుంటూ పెరుగుతాయి. నాలుగేళ్లకు ఒకదాన్ని నరకబోతే రెండో దాని వేరూ కదులుతుంది.

బత్తాయిలో నష్టం ఇంకో తీరుగా ఉంటుంది. బత్తాయిని జంబేరి అనే నిమ్మజాతి మొక్క మీదో రంగపూర్ నిమ్మ మీదో కన్ను అంటు కడతారు. వేరుమూలంగా వాడే, అంటే కింద వేరు ఇచ్చే, ఆ మొక్కల గింజలూ ఇలాంటివే. జంట మొక్కల్లో ఒకదానికి కన్ను కట్టి రెండోదాన్ని వదిలేస్తే, అది జంబేరిగానే పెరిగి అంటును మింగేస్తుంది. మొదట్లో పచ్చగా కనిపించేసరికి, అంటు బాగా పట్టిందనే రైతు అనుకుంటాడు.

విడదీయడం పెద్ద విద్యేమీ కాదు. నాలుగైదు ఆకులు వచ్చాక మడిని బాగా తడిపి, మొలకల కట్టను మట్టిగడ్డతో సహా ఎత్తి బకెట్ నీళ్లలో మెల్లగా ఆడిస్తే మట్టి జారిపోయి వేర్లు విడిపోతాయి. కాండాన్ని నలపకుండా ఆకు పట్టుకుని లాగాలి. వేర్లు మరీ పెనవేసుకుంటే లాగొద్దు, చిన్నదాన్ని మొదలు దగ్గర కత్తెరతో కత్తిరించేస్తే సరి. తల్లివేరు కొక్కెంలా మడతపడిన మొక్క ఎంత పచ్చగా ఉన్నా పక్కన పడేయాల్సిందే. సంచిలో పెట్టాక వేరు నిలదొక్కుకునే దాకా నీడలో ఉంచాలి.

విడదీయమంటే మూడింటినీ మూడు సంచుల్లో పెట్టి మూడు ధరలకు అమ్మమని కాదు. మడిలో ఎక్కువ మొక్కలు ఏ ఎత్తులో, ఏ ఆకు తీరులో ఉన్నాయో వాటినే ఉంచుకుని, మరీ పొట్టివీ, ఉన్నట్టుండి మించి పెరిగినవీ, ఆకు తేడాగా ఉన్నవీ తీసేయాలి. ఏపుగా ఉన్నదాన్ని పారేయడానికి ఎవరికైనా చేతులు రావు, నర్సరీవాళ్లకు అసలే రావు. ఈ పనికి కూలీ ఖర్చవుతుందన్న వాళ్ల మాటా నిజమే. మొక్కకు రూపాయో రెండు రూపాయలో పెంచుకోమనండి, రైతు కాదనడు.

ఉమ్మడి రాష్ట్రంలోనే 2010లో ఉద్యాన నర్సరీల నమోదు చట్టం వచ్చింది. ఆ చట్టం కింద నర్సరీని చూడ్డానికి వెళ్లే అధికారి నాలుగు సంచులు విప్పి, ఒక్కోదానిలో ఎన్ని మొదళ్లున్నాయో, వేరు నిటారుగా ఉందో లేదో రాసుకోవాలి. తనిఖీ కాగితంలో ఇందుకు ఒక గడి కేటాయించాలి. ప్రభుత్వ పథకాలకు మొక్కలు సరఫరా చేసేవారికి ఒక సంచికి ఒక మొక్క అన్న షరతు పెట్టాలి. రసీదులో రకం పేరు, విత్తిన నెల ఉండాలి. రైతు సేవా కేంద్రాల్లో విడదీసిన మొక్కనూ జంట మొక్కనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే కొనేవాళ్లకు సంగతి తెలుస్తుంది. ఈ ఏడు మొక్కల లోడ్లు ఊళ్లకు రాకముందే ఉద్యాన శాఖ నర్సరీలకు ఈ మేరకు ఉత్తర్వు పంపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక నిమ్మ రైతు, గూడూరు ప్రాంతం