ఆ కోట్లెన్నో ఒకసారి లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 23 దగ్గరపడిందంటే, చంద్రయాన్-3 దిగిన రోజు కాబట్టి, టీవీల్లో అంతరిక్షం డాక్యుమెంటరీలు వరుసకడతాయి. ఎక్కువగా ఇంగ్లిష్‌లో తీసినవాటికి తెలుగు గొంతు పెట్టి వేస్తుంటారు. ఆ పని జరగాల్సిందే. చిక్కల్లా అంకెల దగ్గరే.

డైనోసార్లను తుడిచిపెట్టిన గ్రహశకలం భూమిని గుద్దింది 6.6 కోట్ల ఏళ్ల కిందట. ఇంగ్లిష్‌లో అది 66 మిలియన్. డబ్బింగ్‌లో కాస్త ఏమరితే 66 కోట్లయి కూర్చుంటుంది. 66 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లు సరే, వెన్నెముక ఉన్న జీవే లేదు. విశ్వం వయసు 13.8 బిలియన్, అంటే 1,380 కోట్ల ఏళ్లు. దాన్ని 138 కోట్లన్నారనుకోండి, 454 కోట్ల ఏళ్ల భూమి కన్నా విశ్వమే చిన్నదవుతుంది. మిలియన్ 10 లక్షలు, బిలియన్ 100 కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. ఈ మూడూ ఒక చీటీ మీద రాసి అనువాదకుల బల్లకు అంటిస్తే చాలా తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఇక అమెరికాలో తీసినవాటిలో మైళ్లు, ఫారన్‌హీట్లు. సూర్యుడి గర్భంలో 2.7 కోట్ల డిగ్రీలన్నది ఫారన్‌హీట్ లెక్క. సెల్సియస్‌లో అది కోటిన్నరే. ఉత్త ‘డిగ్రీలు’ అని వదిలేస్తే, పాఠ్యపుస్తకంలో కోటిన్నర అని చదువుకున్న పిల్ల ఏది నమ్మాలి? ఇలా ఎందుకవుతుందంటే, తెలుగు మాట ఇంగ్లిష్ కన్నా నిడివి తీసుకుంటుంది, షాటేమో సాగదు. కత్తిరించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేవి ‘సుమారు’, ‘బహుశా’, కొలమానాలు. ‘అత్యద్భుతమైన’, ‘ఊహకందని’, ‘మహా’లు మాత్రం చెక్కుచెదరవు! వాటిని కోయండి, సెల్సియస్‌కు చోటు దానంతటదే దొరుకుతుంది.

మాటల్లోనూ ఇదే కలగాపులగం. సూర్యుడి చుట్టూ తిరిగే రాతిముద్ద గ్రహశకలం, మంచూ దుమ్మూ కలిసింది తోకచుక్క, మన గాలిలోకి దూసుకొచ్చి మండేది ఉల్క. మూడింటినీ ‘ఉల్క’ అనేస్తే కథంతా తారుమారు.

బొమ్మల్లో అన్నిటికన్నా పెద్ద అబద్ధం, కుజుడికీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాల పట్టీ. వ్యోమనౌక రాళ్ల గుంపులో వంకర్లు తిరుగుతూ తప్పించుకుంటున్నట్టు చూపిస్తారు. నిజానికి కిలోమీటరుకు మించిన రాళ్ల మధ్య ఎడం సగటున లక్షల కిలోమీటర్లు. 1972లో బయల్దేరిన అమెరికా వ్యోమనౌక పయనీర్-10 ఆ పట్టీలోంచి సురక్షితంగా బయటపడింది. దూరాలు అందాలంటే ఖరీదైన గ్రాఫిక్స్ అక్కర్లేదు. సూర్యుణ్ణి 14 సెంటీమీటర్ల పంపరపనసకాయ అనుకోండి. భూమి 15 మీటర్ల అవతల ఉన్న ఆవగింజ. గురుడు 78 మీటర్ల దూరాన గోలీకాయ. నెప్ట్యూన్ దాదాపు అర కిలోమీటరు. మరి అతి దగ్గరి నక్షత్రమో? 4,000 కిలోమీటర్లు. మన దేశం ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు 3,214 కిలోమీటర్లే. ఈ లెక్కను ఏ ఊరి రోడ్డు మీదనైనా రెండు నిమిషాల్లో చిత్రీకరించవచ్చు, ఆ ఆఖరి నక్షత్రం ఒక్కటి తప్ప.

రంగుల సంగతీ తెరమీద ఒక్క వరుసలో వేయాలి. 1995లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన ‘సృష్టి స్తంభాల’ (నక్షత్రాలు పుట్టే వాయువు, దుమ్ము మేఘాల) చిత్రంలో సల్ఫర్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం అద్దారు. అది మోసం కాదు, ఏ వాయువు ఎక్కడుందో తెలియడానికి వేసిన గుర్తు. ఆ సంగతి చెప్పకపోతే, చిన్న టెలిస్కోపులో బూడిదరంగు మసక కనబడగానే పిల్లలు ఉసూరుమంటారు.

డబ్బింగ్ చేసేవాళ్లకు ఇంకో అవకాశముంది. పరదేశంలో తీసిన చిత్రంలో ధ్రువనక్షత్రం ఆకాశంలో బాగా పైన ఉంటుంది. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తులోనే. చేయి చాచి పిడికిలి పెడితే సుమారు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. దానికి బదులు, లండన్‌లో అసలు కనబడనిది మనకుంది: అగస్త్య నక్షత్రం, రాత్రి ఆకాశంలో కాంతిలో రెండోది. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదింటికి సరిగ్గా దక్షిణానికి తిరిగి రెండు పిడికిళ్ల ఎత్తున చూడమని, చివర్లో ఇరవై సెకన్లు మన భాషలో చెబితే జనం డాబా ఎక్కి చూస్తారు.

– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, ఖమ్మం