వలయం సరే, ద్రావకం ఏది?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ పత్రికలో ‘తులసి ముందు మొండి బ్యాక్టీరియా బలాదూర్’ అన్న శీర్షిక చూశాను. బెంగళూరులో ఒక కళాశాల మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాడిని. తులసి ఆకు సారం బ్యాక్టీరియాను ఆపుతుందని చూపిన ఆ వార్తలోని పిల్లల ప్రయోగం ముచ్చటైనదే. నా పేచీ శీర్షికతో.

ఫొటోలో ఆకు సారం పట్టించిన కాగితపు బిళ్ల, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం కనిపిస్తున్నాయి. మరి పోల్చి చూడటానికి పక్కన, ఆకు సారం తీయడానికి వాడే మిథనాల్ లాంటి ఉత్త ద్రావకంతో తడిపిన బిళ్ల ఏది? మిథనాల్ సరిగా ఆరకపోతే అదే క్రిములను అణచగలదు. పేరు తులసికి వస్తుంది! పైగా వలయం పెద్దదైనంత మాత్రాన మందు బలమైనదని కాదు. నీటిలో కరిగే పదార్థం అగార్‌లో, అంటే బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి పొరలో, దూరం పాకుతుంది, జిడ్డు నూనెలు బిళ్లను వదిలి కదలవు. అగార్ 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి, పలచగా పోస్తే వలయం ఊరికే పెద్దదవుతుంది. అందుకే సారాన్ని సగానికి సగం పలచన చేసుకుంటూ పోయి, బ్యాక్టీరియాను ఆపే కనీస గాఢత ఎంతో తేల్చాలి.

ఆకులంటే నాకు చిన్నచూపు లేదు. 2015లో చైనా శాస్త్రవేత్త తూ యూయూకు నోబెల్ తెచ్చిన మలేరియా మందు ఆర్టెమిసినిన్ మాచిపత్రి జాతి మొక్కలోదే. అదీ తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రావకంతో తీశాకే సరిగా పనిచేసింది.

ఇకపై ద్రావకం, గాఢత వివరాలు అడిగి వేయండి. మా వీధిలో ఒకావిడ మీ వార్త కత్తిరించి తెచ్చి, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌కు డాక్టరు రాసిన మాత్రలు మానేయవచ్చా అని అడిగారు.

– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు