ర్యాంకు వచ్చాక సీటు ఎందుకు పోతోంది?

సంపాదకుల వారికి,

గురుకుల కళాశాలల పిల్లలకు జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకులు వచ్చాయని, వాళ్లను పిలిచి శాలువాలు కప్పారని పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఫొటోతో వేశారు. సంతోషం. ఫొటోలో పిల్లలకన్నా పెద్దలే ఎక్కువ మంది ఉన్నారు, అదీ మామూలే. వార్త మొత్తం చదివినా దొరకనిదేమిటంటే, ఆ పిల్లల్లో ఎందరి చేతిలో ఈ ఏడాది తీసిన సర్టిఫికెట్ ఉంది, సీటు ఖాయం చేసుకునే డబ్బు ఎవరి దగ్గర ఉంది అన్న సంగతి. రెండేళ్లు చదివి తెచ్చుకున్న ర్యాంకు జూన్, జూలై నెలల్లో కౌంటర్ల దగ్గర కరిగిపోతుంటే శాలువాతో ఏం చేసుకోవాలి?

ముందు కులం కాగితం సంగతి. మన బీసీ పిల్లల దగ్గర బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ అని రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసాకు అది చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే బీసీల్లో సంపన్న వర్గం (క్రీమీలేయర్) కాదని చెప్పే కాగితం కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. నిరుడు తీసింది నిరుటిదే. ఏ రిజర్వేషనూ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ కోటాకూ ఇదే పద్ధతి. పైగా రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. ఈ సంగతి దరఖాస్తు నింపే రోజున నెట్ సెంటర్ కుర్రాడికి ఎవరు చెబుతారు? అతను ఓబీసీ అని టిక్ పెట్టేస్తాడు. తీరా కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ చూపించలేకపోతే ఆ విద్యార్థి జనరల్ కోటాలోకి వెళ్తాడు. ఆ ర్యాంకుకు అక్కడ సీటు ఉండదు.

వ్యవధి చూడండి. 2025లో జూన్ 2న ఫలితాలు వచ్చాయి, మర్నాడే జోసా రిజిస్ట్రేషన్ మొదలైంది. ఆ రోజు మీసేవకో సచివాలయానికో పరుగెత్తితే సర్వర్ లేదంటారు, ఆర్‌ఐ సెలవంటారు, తహసీల్దార్ గారు వీడియో కాన్ఫరెన్స్‌లో ఉన్నారంటారు. ఓబీసీకి 8 లక్షల ఆదాయ పరిమితి లెక్క వేసేటప్పుడు తల్లిదండ్రుల జీతాన్నీ వ్యవసాయ ఆదాయాన్నీ కలపకూడదని 1993 నాటి ఉత్తర్వులోనే ఉంది. అయినా రెండూ కలిపేసి ‘మీది క్రీమీలేయర్’ అని తిప్పి పంపే ఆఫీసులున్నాయి. ఈడబ్ల్యూఎస్‌కు మాత్రం అన్ని ఆదాయాలూ కలపాలి, ఆపైన సాగుభూమి 5 ఎకరాలకు తక్కువ ఉండాలి. డెల్టాలో నాలుగున్నర ఎకరాల మాగాణి ఉన్నాయన ఆదాయం 8 లక్షలు దాటకపోతే అర్హుడే. అనంతపురంలో ఐదెకరాల మెట్ట పెట్టుకుని వానకోసం చూసే రైతు మాత్రం కాడు. ఇది ఢిల్లీలో రాసిన రూలు, మన తహసీల్దార్‌ను అనలేం. కానీ సర్టిఫికెట్ ఏప్రిల్‌లో ఇవ్వగలిగీ జూన్‌లో ఇస్తే ఎవరిని అనాలి?

డబ్బు సంగతి ఇంకా ఘోరం. 2024 జూన్ 24 సాయంత్రం 5 గంటల గడువులోగా 17,500 రూపాయలు కట్టలేక, ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దినసరి కూలీ కొడుకు ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు పోగొట్టుకున్నాడు. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారంతో ఆదేశిస్తే గానీ ఆ సీటు తిరిగి రాలేదు. అదే ఏడాది మన రాజన్న సిరిసిల్ల జిల్లా తండా అమ్మాయి ఐఐటీ పట్నాలో సీటు తెచ్చుకుని, ఫీజు లేక మేకలు కాసింది. పత్రికల్లో వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం 1,51,831 రూపాయలు విడుదల చేసింది. మంచిదే. అయితే సీటు వచ్చిన ప్రతి పిల్లా పేపర్లో పడాలన్నమాట, లేదా సుప్రీంకోర్టుకు పోవాలన్నమాట!

నిజానికి ఫీజులో రాయితీలు లేక కాదు. 2016 నుంచి ఐఐటీ బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు పూర్తిగా మాఫీ. మిగతావారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల దాకా ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎన్ఐటీల్లో ఫీజు ఏడాదికి 1.25 లక్షలు, మాఫీ పద్ధతి అదే. ఈ ముక్క తెలియక ‘ఐఐటీ అంటే ఎనిమిది లక్షలట’ అని భయపడి, పిల్లను దగ్గర్లో ఉన్న కాలేజీలో చేర్చేసే తల్లిదండ్రులు ఎందరో. ఇక ఆ లక్ష గీత. భార్యాభర్తలిద్దరూ రోజుకు చెరో 300 కూలికి ఏడాదిలో 200 రోజులు వెళితే 1,20,000 అవుతుంది. సెంటు భూమి లేని ఇల్లు కూడా గీత దాటేసినట్టే, ఏడాదికి దాదాపు 67 వేలు కట్టాల్సిందే. పెట్టినప్పటి నుంచి ఆ గీతను ఎవరూ కదపలేదు.

ట్యూషన్ మాఫీ అయినా హాస్టల్, మెస్, డిపాజిట్ మాఫీ కావు. ఎస్సీ విద్యార్థులకు టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే ఫీజు కాక మొదటి ఏడాది 86 వేలు, తర్వాత ఏటా 41 వేలు ఇస్తారు. ఓబీసీ, ఈబీసీలకూ అలాంటి పథకం ఉంది గానీ ఆదాయ పరిమితి 2.5 లక్షలే. అయితే ఇవన్నీ చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే, నెలల తర్వాత వచ్చే డబ్బులు. మొదటి సెమిస్టర్ బిల్లు మాత్రం జూలైలోనే చేతిలోంచి కట్టాలి.

కాలేజీలకు ఆప్షన్లు పెట్టడంలో జరిగే నష్టం వేరు. ‘నీ ర్యాంకుకు తగ్గవే పెట్టు, పెద్దవి పెడితే ఉన్నదీ పోతుంది’ అని చెప్పే మేధావులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తప్పు. జోసా పద్ధతిలో పైన ఎన్ని పెద్ద కాలేజీలు పెట్టినా కింది ఆప్షన్‌కు నష్టం లేదు, ఆప్షన్ల సంఖ్యకూ పరిమితి లేదు. నిజంగా ఇష్టమైన వరుసలో వందైనా పెట్టుకోవచ్చు. పది, పదిహేను పెట్టి ఆపేసినవాళ్లకే ఏ సీటూ రాకుండా పోతుంది. మొదటి రౌండ్‌లో ఏదో ఒకటి రాగానే భయంతో ఫ్రీజ్, అంటే ‘ఈ సీటే చాలు’ అని నొక్కేస్తారు. ఫ్లోట్ పెడితే వచ్చిన సీటు చేతిలో ఉంటూనే పై ఆప్షన్‌కు అవకాశం ఉంటుంది. స్లైడ్ అంటే అదే కాలేజీలో మెరుగైన బ్రాంచి. మరొకటి, ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రంవాళ్లకు. సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, ఇంటర్ పాసైన రాష్ట్రం. ఒంగోలు పిల్లవాడు హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే అతని సొంత ఎన్ఐటీ వరంగల్, తాడేపల్లిగూడెం కాదు. ఇంకా ఘోరమైనది ఫోన్ నంబరు. దరఖాస్తులో నెట్ సెంటర్ నంబరో, సెలవులకు వెళ్లిన వార్డెన్ నంబరో ఉంటుంది. సర్టిఫికెట్ మీద జోసా సందేహం అడిగితే ఆ మెసేజ్ ఎవరూ చూడరు. గడువులోగా జవాబివ్వకపోతే సీటు రద్దు. అప్పీలు లేదు.

ఇవన్నీ ఎవరు చెప్పాలి? కార్పొరేట్ కాలేజీలో ఫీజు కట్టినవాడికి ఆప్షన్లు పెట్టిపెట్టడానికి ఒక గది, నలుగురు మనుషులు ఉంటారు. గురుకులంలో అప్పటికి పాఠాలు చెప్పిన మాస్టారు కాంట్రాక్టు అయిపోయి ఇంట్లో ఉంటారు. మీ పత్రికనూ ఒక మాట అనకపోతే బాగుండదు. ‘ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అని ఒకే పిల్లవాడి ఫొటో మూడు కాలేజీల పేర్లతో మొదటి పేజీ నిండా వేస్తారు. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో రాయవచ్చుగానీ అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉందన్న సంగతి మీద ఒక్క సంపాదకీయమైనా రాశారా? మార్చి నెలాఖరులో ‘ఏప్రిల్ 1 తర్వాత కొత్త సర్టిఫికెట్ తీసుకోండి’ అని చిన్న పెట్టె కట్టి వేస్తే పేపరు ఖర్చు పెరగదు.

అధికారులు చేయాల్సినదీ పెద్దదేం కాదు. ఏప్రిల్ మొదటి వారంలో తహసీల్దారే గురుకులానికి వెళ్లి అక్కడే సర్టిఫికెట్లు ఇవ్వాలి. జూన్ నుంచి ఆరు వారాలు జిల్లాకొక కౌన్సెలింగ్ గది, రెండు కంప్యూటర్లు, ఒక లెక్చరర్, పిల్లల పేరు మీదే ఒక ఫోన్. కలెక్టర్ దగ్గర పది లక్షల నిధి ఉంచితే ఇరవై మందికి తలా 50 వేలు చేబదులుగా ఇవ్వవచ్చు, స్కాలర్‌షిప్ రాగానే తిరిగి జమ చేయించుకోవచ్చు. ఇక బ్యాంకులు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఈ విద్యాసంస్థల్లో చేరేవారికి హామీ, పూచీకత్తు లేకుండానే విద్యారుణం ఇవ్వాలి. అయినా మేనేజర్లు పొలం పాసుపుస్తకం అడుగుతున్నారు. లీడ్ బ్యాంకు మేనేజర్ గారు వచ్చే సమీక్షలో ఒక్కో బ్రాంచి ఎన్ని దరఖాస్తులు తిప్పి పంపిందో, ఏ కారణం రాసి పంపిందో చదివి వినిపించాలి.

– ఒక విశ్రాంత జూనియర్ లెక్చరర్, మహబూబ్‌నగర్