ఈ బ్యాచ్ మినీ పీసీలు వారం ఆలస్యం, కారణం మా టెస్టింగే

ఈ నెల ఆర్డర్ ఇచ్చినవారికి మినీ పీసీలు, అంటే చిన్న డబ్బాలాంటి కంప్యూటర్లు, వారం ఆలస్యంగా అందుతాయి. సరుకు రాక కాదు. బిగించి ప్యాక్ చేసిన 40 డబ్బాలనూ మళ్లీ విప్పుతున్నాం. ఇన్నాళ్లూ మేం చేసిన టెస్టే సరిగా లేదు.

ఇదివరకు మూత బిగించకుండా, ఏసీ గదిలో, బల్ల మీద నాలుగు గంటలు నడిపి పాస్ చేసేవాళ్లం. గది 25 డిగ్రీలుంటే ప్రాసెసర్ 80 దాటేది కాదు. మే నెల మధ్యాహ్నం మీ బిల్లింగ్ కౌంటర్ దగ్గర గదే 42 ఉంటుంది. బయట వేడి ఎంత పెరిగితే లోపల చిప్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. అంటే అదే మిషన్ 97కి చేరుతుంది, మూత బిగిస్తే ఇంకాస్త పైకి. ఆ స్థాయి దాటితే ప్రాసెసర్ కాలిపోకుండా వేగం తగ్గించుకుంటుంది. మీకు మాత్రం సాఫ్ట్‌వేర్ మొరాయించినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు మూత బిగించాకే టెస్ట్. ఏసీ లేని గదిలో 24 గంటలు, ప్రాసెసర్‌కి పూర్తి లోడ్, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే భాగం) మీద ఆగకుండా రాయడం, రెండూ ఒకేసారి. మొదటి రాత్రే ఆరు డబ్బాలు తప్పాయి. చిత్రమేమిటంటే ప్రాసెసర్లు బాగానే ఉన్నాయి, తప్పినవి ఎస్‌ఎస్‌డీలు.

మా డబ్బాలో ఎస్‌ఎస్‌డీ బోర్డు అడుగున ఉంటుంది. దాని వేడి ఒక మెత్తటి ప్యాడ్ ద్వారా అడుగు మూతకి చేరాలి. మధ్యలో ఖాళీ 1.2 మిల్లీమీటర్లు. ప్యాడ్ కాస్త నలిగి రెండువైపులా ఆనాలి కాబట్టి 1.5 మిల్లీమీటర్లది వేయాలి. ఈసారి వచ్చిన లాట్‌లో 1 మిల్లీమీటరువి కలిసిపోయాయి. చూస్తే తేడా తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. అలాగని 2 మిల్లీమీటర్లది కుక్కితే ఎస్‌ఎస్‌డీ వంగుతుంది. ఇంకో రెండింటిలో ప్యాడ్ మందం సరిగ్గానే ఉంది గానీ దాని మీది పల్చటి ప్లాస్టిక్ పొర పీకలేదు. అది పూర్తిగా మా పొరపాటే. ఇకనుంచి పీకిన పొరలన్నీ ఒక గిన్నెలో వేసి, లెక్క సరిపోతేనే మూతలు బిగిస్తాం.

విప్పాం కాబట్టి మిగతావీ చూస్తున్నాం. వైఫై యాంటెన్నా తీగల కొనలు బియ్యపుగింజంత కూడా ఉండవు. నిటారుగా నొక్కితే టక్కుమని కూర్చుంటాయి, పక్కకి నొక్కితే వంగిపోతాయి. కూర్చోకపోయినా రూటర్ పక్కనే ఉంటే సిగ్నల్ వస్తుంది, అందుకే ఇప్పుడు రెండు గోడల అవతల నుంచి చూస్తున్నాం. ఫ్యాన్ తీగ రెక్కలకు తగలకుండా క్లిప్పులో పెట్టామా లేదా అన్నది మూత బిగించాక చెవి పెట్టి వింటే తెలిసిపోతుంది. ర్యామ్‌కి రాత్రంతా మెమ్‌టెస్ట్ (మెమరీలో తప్పులు పట్టే ప్రోగ్రామ్), ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కే. ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో దానిలోనే నమోదై ఉంటుంది. కొత్తదని ఇచ్చినదానిలో వందల గంటలు కనిపిస్తే అది వాడినదే. బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులనీ తేదీనీ నిలిపే చిన్న బ్యాటరీ 3 వోల్టులు చూపాలి. బలహీనపడిందంటే కరెంటు తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, మీ బిల్లుల మీద పాత తేదీలు పడతాయి.

డీడీఆర్5 రకం ర్యామ్ కొత్తగా వేశాక మొదటిసారి ఆన్ చేస్తే నిమిషం, ఒక్కోసారి అంతకు మించి స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మెమరీని సరిచూసుకుంటోంది, ప్లగ్ పీకకండి. కరెంటు వచ్చాక తనంతట తాను ఆన్ కావాలనుకుంటే ఆ బయోస్ సెట్టింగ్ మేమే పెట్టి పంపుతాం, ఆర్డర్‌లో రాయండి.

అడాప్టర్ల విషయంలో ఎక్కువమంది పొరబడుతున్నారు. మా మినీ పీసీది 19 వోల్టులు. టీవీ బాక్సులకీ రూటర్లకీ వచ్చే 12 వోల్టులదీ అదే పిన్నులో దూరుతుంది. మా దాంట్లో 12 పెడితే ఆన్ కాదు, అంతే. 19ది తీసి రూటర్‌కి పెడితే మాత్రం రూటర్ కాలిపోవచ్చు.

వేచి ఉండలేమనేవారు చెప్పండి, అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాం. గత రెండు బ్యాచ్‌లవి కొన్నవారు పెద్ద ఫైలు కాపీ చేసి చూడండి. మొదట వేగంగా వెళ్లి సగంలో నత్తనడకైతే, డబ్బాని ముట్టుకుంటే అడుగు చల్లగానే ఉంటే, ప్యాడ్ ఆనలేదేమో అనుకోవాలి. తీసుకొస్తే పావుగంటలో ఉచితంగా మారుస్తాం. మీ అడాప్టర్ కూడా వెంట తీసుకురండి.